సెల్‌ఫోను యంత్రములు - స్వదేశీ వ్రతము

మన దేశమున 5జి సేవ 2022 అక్టోబరు 1వ తేదీన ప్రారంభమైనది. అంతకు రెండు మాసములకు పూర్వము జరిగిన తరంగముల వేలములో 1,50,000 కోట్ల రూపాయలకు మించిన పాట కుదిరినది. ఇంత వెలకు కొన్న తరంగములపై మన మాటలను నడపు యంత్రము లెవ్వరివి? జియో సంస్థ స్వీడను దేశపు ఎరిక్సనును, ఫిన్లాండు దేశపు నోకియాను పిలిచినది. ఎయిర్‌టెల్ ఆ యిరువురితోపాటు కొరియా దేశపు శాంసంగును చేర్చుకొన్నది. 2024 సెప్టెంబరులో వొడాఫోన్ ఐడియా సుమారు 30,000 కోట్ల రూపాయల సామగ్రికై ఆ మువ్వురితోనే ఒప్పందము చేసికొన్నది. విశ్వసనీయమని ప్రభుత్వ మెంచిన మూలములనుండియే యంత్రములు తేవలెనను నియమము 2021 జూను 15 నుండి అమలులోనికి వచ్చుటచే, చైనా దేశపు హువావేకు 5జి విందులో పీట దొరకలేదు.

అమ్మువారు పలువురైనచో కొనువానికి బేరము కలసివచ్చునని కొందరు సంతసించుచున్నారు. నిజమే. కాని యీ సంతలో మన మెల్లప్పుడును కొనువారముగనే యుండుట యేల?

ఈ విద్య మనకు రాదనువారు చరిత్రను మరచిరి. 1984లో నెలకొల్పబడిన సి-డాట్ సంస్థయందలి యువ ఇంజనీర్లు మన వేడిమికిని ధూళికిని ఓర్చి, శీతలయంత్రపు సాయము లేకయే పనిచేయు పల్లెటూరి ఎక్స్ఛేంజిని నిర్మించిరి. 1986లో అది కర్ణాటకమందలి కిత్తూరున నెలకొన్నది. ఆ మరుసటి యేడు షెంజెన్ నగరమున పుట్టిన హువావే, మొదట పరుల ఎక్స్ఛేంజీలను తెచ్చి అమ్ముకొను చిన్న దుకాణము మాత్రమే! 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖ్‌రాంగారితో తొలిసారి సెల్‌ఫోనున సంభాషించిరి. ఆ మాటలను మోసినవి నోకియా యంత్రములు. హువావే స్వదేశపు గిరాకీని మెట్టుగా గొని, ఆర్జనను పరిశోధనకు మరలించి, ప్రపంచమున అగ్రస్థాన మెక్కినది. మన ఇంజనీర్లకు ప్రజ్ఞ కొరవడలేదు. వారి సరకును కొనువాడే లేకపోయెను.

ఇప్పుడు కొనువాడొకడు దొరకినాడు. 2020లో బి.ఎస్.ఎన్.ఎల్. తన 4జి టెండరును రద్దుచేసికొని స్వదేశీ యంత్రములకై వేచియున్నది. 2023లో టాటా కన్సల్టెన్సీ వర్గమునకు దాదాపు 15,000 కోట్ల పని యొప్పగింపబడినది. టవరుపై రేడియోలు తేజస్ వారివి, పిలుపులను నడపు కోర్ సి-డాట్ వారిది. 2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో ప్రధానమంత్రి 97,500 టవర్లను ప్రారంభించిరి. లోని చిప్పులు నేటికిని పరదేశపువే యనుట సత్యము; అయినను ఇది చిన్న విజయము కాదు.

అయితే దీని మూల్యమును చెల్లించిన దెవ్వరు? ప్రైవేటు సంస్థలు 5జి తెచ్చిన మూడేండ్లకుగాని బి.ఎస్.ఎన్.ఎల్.కు స్వదేశీ 4జి రాలేదు. ఈలోపల దాని ఖాతాదారులు వేరుదారి పట్టిరి. వేరొక టవరు లేని పల్లెవాసులు ఓపిక పట్టిరి. ఇంటిలోని బీదవానికి ముతక ఖద్దరు కట్టబెట్టి, ధనికుడు మాంచెస్టరు బట్టతో ఊరేగుచుండగా చూచి యూరకుండుట స్వదేశీ వ్రత మనిపించుకొనునా? వొడాఫోన్ ఐడియాలో ప్రభుత్వపు వాటా 2025 ఏప్రిలులో నూటికి 49 పాళ్లకు చేరినది. తన సొమ్మున్న చోటనైనను ప్రభుత్వము స్వదేశీ మాట యెత్తవలదా?

నాసిరకపు యంత్రమును బలవంతముగా అంటగట్టుమని మేము కోరుట లేదు. ప్రతి సంస్థయు తన క్రొత్త టవర్లలో కొంత భాగమును స్వదేశీ యంత్రములకు విడువవలెను. పరీక్షలో నెగ్గినవానినే నిలుపుకొనవలెను. అట్లు చేసినవారికి తరంగముల బాకీలో ప్రభుత్వము కొంత తగ్గింపవలెను. 2022 మే నెలలో ప్రారంభమైన స్వదేశీ 5జి పరీక్షాశాల నిర్మాణమున హైదరాబాదు ఐ.ఐ.టి. వారును పాల్గొనిరి. పరీక్షాశాలనుండి టవరుమీదికి దారి లేకున్న ఆ శ్రమయంతయు కాగితములపాలే.

6జి తరంగముల వేలమునకు నిబంధనలు వ్రాయుకాలము రాకమునుపే యీ షరతు చర్చకు రావలెను. ఈ శాఖకు 2024 జూనులో సహాయమంత్రిగా నియుక్తులైన పెమ్మసాని చంద్రశేఖరుగారు గుంటూరువారి ప్రతినిధి. ఆ ముప్పదివేల కోట్లలో స్వదేశీ సంస్థల కెంత దక్కినదని పార్లమెంటులో వారిని ప్రశ్నించు భారము తెలుగు సభ్యులపై నున్నది.