ఈ నవ్వు ఎవరి మీద?

కలికిరిలో పోలీస్ స్టేషన్ ముందు నుంచి పోయేటప్పుడు మా పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. తప్పు చేసి కాదు. పేరు అడుగుతారని. పేరులో ఖాదరో, మస్తానో వినపడితే తర్వాతి ప్రశ్న గొంతు మారుతుందని. అట్లాంటి మేం ఇవాళ పోలీసు కామెడీ సినిమాల గురించి మాట్లాడుతున్నాం. మాకు నవ్వడం రాదనుకోకండి. మా ఇళ్లల్లో ఉన్నంత వెటకారం ఏ సినిమాలోనూ లేదు. మేం అడిగేది ఒక్కటే. ఎవర్ని చూసి నవ్వమంటున్నారు?

పాత టీవీ పోలీసు సీరియళ్లను కామెడీ సినిమాలుగా మార్చడం అమెరికాలో ఒక వ్యాపారం. 'డ్రాగ్‌నెట్' 1951లో టీవీకొచ్చింది. లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ సహకారంతో తీసిన సీరియల్ అది. పోలీసంటే నవ్వని ముఖం, తప్పు చేయని చెయ్యి అని ఇంటింటికీ నేర్పింది. 1987లో దాన్నే డాన్ అక్రాయిడ్, టామ్ హాంక్స్‌లతో కామెడీ చేశారు. హాల్లో జనం నవ్వుకున్నారు. నాలుగేళ్లకు, 1991 మార్చిలో, అదే ఊరి పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని రోడ్డు మీద పడేసి లాఠీలతో బాదారు. ఎవరో వీడియో తీశారు కాబట్టి లోకం చూసింది. 1992 ఏప్రిల్‌లో జ్యూరీ ఆ పోలీసుల్ని దోషులనలేదు. నగరం తగలబడింది. అయినా వ్యాపారం ఆగలేదు. 2004లో 'స్టార్‌స్కీ అండ్ హచ్', 2012లో '21 జంప్ స్ట్రీట్', 2017లో 'చిప్స్'. అన్నీ పాత సీరియళ్లే, అన్నీ నవ్వులే.

ఆ సినిమాల్లో ఒక మేలుంది, ఒప్పుకుంటాం. అక్కడ వెర్రివాడు పోలీసే. ఖాకీని చూసి నవ్వే ధైర్యం వస్తుంది. కానీ వెర్రి పోలీసు ముద్దొస్తాడు. ముద్దొచ్చినవాణ్ణి ఎవరూ లెక్క అడగరు. కీడంతా అక్కడే ఉంది.

మన తెలుగులో ఈ పని సీరియళ్ల కంటే పాత సినిమా పోలీసు మీద ఎక్కువ జరిగింది. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' చూశాం. ఒక ఆడపిల్ల పోలీసు అధికారి కావడం చూసి మా అక్కచెల్లెళ్లు ఎంతో ఆశపడ్డారు. అదే ఏడు 'అంకుశం', మరుసటేడు 'కర్తవ్యం'. వాటిలోనూ లాఠీ చట్టం దాటింది. కానీ అక్కడ దెబ్బ దెబ్బలాగే కనపడింది. 2012కి 'గబ్బర్ సింగ్' వచ్చింది, హిందీ 'దబంగ్' తోవలో. పోలీసు అధికారి రౌడీల్ని బెదిరించి అంత్యాక్షరి పాడిస్తాడు. హాలంతా ఈలలు. మేమూ వేశాం ఈల, దాచుకోం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. పోలీసు చేతికి చిక్కిన మనిషి భయం మాకు వినోదమైపోయింది. రేపు ఆ వరసలో నిలబడేది మా పిల్లాడైతే?

ఇక ఆ కామెడీలో సాయిబు సంగతి. 'నాకీ', 'నీకీ' అని వంకర తెలుగు మాట్లాడాలి, లేకుంటే బాంబు పెట్టాలి. తరతరాలుగా కలికిరి సంతలో తెలుగులోనే బేరమాడిన మాకు రాని తెలుగును మా నోట్లో పెడతారు. మంచి సాయిబు కావాలంటే 'ఖడ్గం'లో ఆటో నడిపే అమ్జద్‌లా దేశభక్తి పరీక్ష రాసి పాసవ్వాలి.

సినిమా బయట ఏం జరిగింది? 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద అత్యాచారం, రిక్షా తొక్కే ఆమె భర్త చావు. ముక్తదర్ కమిషన్ వేయాల్సి వచ్చింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది నమాజుకొచ్చినవాళ్లు, పట్టుకుపోయిందీ ముస్లిం పిల్లల్నే. వాళ్లు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వం పరిహారమిచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డిది మా కలికిరి మండలం నగరిపల్లే. పరిహారమిచ్చారంటే తప్పు జరిగినట్టే కదా! 2020 నవంబరులో నంద్యాలలో ఆటో నడుపుకునే ఒక ముస్లిం భార్యనూ ఇద్దరు బిడ్డలనూ తీసుకుని రైలు కింద పడ్డాడు. చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు వేధిస్తున్నారని చచ్చేముందు వీడియోలో చెప్పుకున్నాడు. ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. సినిమా అమ్జద్‌కు చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది ఈ ఆటోవాలా కోసం కన్నీరు పెట్టారు?

"సినిమానే కదా, ఇంత పట్టింపా?" అంటారు లౌకిక మిత్రులు. అయ్యా, మీకది సినిమా. స్టేషన్ గడప తొక్కినప్పుడు మీ పేరు మిమ్మల్ని కాపాడుతుంది. మా పేరే మా మీద మొదటి ఫిర్యాదు.

కామెడీ వద్దనడం లేదు. చాప్లిన్‌ను చూడండి. పోలీసు తరుముతాడు, ఆయన పరిగెత్తుతాడు. మనం పరిగెత్తేవాడి పక్షాన నిలబడి నవ్వుతాం. అట్లాంటి సినిమా తీయండి. సరుకు మేమిస్తాం. అరెస్టు చేస్తే కాగితం రాయాలని, ఇంటివాళ్లకు చెప్పాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితం అడిగినవాడి వైపు స్టేషన్‌లో ఎట్లా చూస్తారో తీయండి. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలని 2020 డిసెంబరులో అదే కోర్టు ఆదేశించింది. సరిగ్గా దెబ్బలు పడ్డ రాత్రే ఆ కెమెరా చెడిపోవడం తీయండి. దానికంటే పెద్ద కామెడీ ఏముంది?

లాఠీని చూసి నవ్వించండి, మీకంటే ముందు మేం నవ్వుతాం. లాఠీ కింద ఉన్నవాణ్ణి చూపించి నవ్వమంటే మాత్రం హాల్లోంచి లేచి వచ్చేస్తాం. వచ్చేటప్పుడు మీ పక్క కుర్చీ ఖాళీ అయిన సంగతి గమనించండి.