రక్తం ఇమ్మంటున్నారు సరే, మా ఒంట్లో రక్తం ఏదీ?

ఏటా జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినం. అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. ఈ రెండు రోజులూ చాలక నాయకుల పుట్టినరోజులూ, సినిమా హీరోల పుట్టినరోజులూ వచ్చినప్పుడల్లా మన ఒంగోలులో శామియానాలు లేస్తాయి. 'రక్తదానం మహాదానం' అని మైకులో ఊదరగొడతారు. చేతిలో రబ్బరు బంతి పిసుకుతూ పడుకున్న కుర్రవాళ్ళ ఫొటోలు మర్నాడు పేపరు జిల్లా పేజీలో వస్తాయి. ఆ ఫొటోల్లో ఆడవాళ్ళు ఎక్కడుంటారో చూశారా? పళ్ళరసం గ్లాసులు అందిస్తూ ఒక పక్కన ఉంటారు. మన దేశంలో చాలాచోట్ల రక్తనిధుల లెక్కలు తీస్తే వందమంది దాతల్లో స్త్రీలు పదిమంది కూడా ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద స్త్రీల వాటా 33 శాతం.

ఎందుకిలా అని అడిగితే అధికారులూ, డాక్టర్లూ, క్లబ్బుల పెద్దలూ అందరూ ఒకే మాట చెప్తారు. "ఆడవాళ్ళలో అవగాహన లేదండీ, భయపడతారండీ." ఈ 'అవగాహన' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు దాదాపు అన్నీ ఆడవాళ్ళకే చేస్తున్నారు. కత్తికి భయపడని మనిషి సూదికి భయపడుతుందా? అవగాహన లేదన్నారంటే తప్పంతా జనానిదే అయిపోతుంది. చెప్పేవాళ్ళు చేయవలసిన పని ఏమీ మిగలదు. ఇంకో పోస్టరు వేస్తే సరిపోతుంది!

మా సంఘం తరఫున ఒంగోలు చుట్టుపక్కల కాలనీల్లో, పల్లెల్లో ఆడవాళ్ళను రక్తదానానికి పోగుచేసే పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. పిలిస్తే వస్తారు. మిర్చి కోతలకు పోయేవాళ్ళు, పత్తి తీసేవాళ్ళు, పొగాకు కంపెనీల్లో ఆకు గ్రేడింగు చేసేవాళ్ళు, ఇళ్ళలో పనులు చేసుకునేవాళ్ళు వస్తారు. "ఎవరో ఒకరి ప్రాణం నిలుస్తుందంటే ఇవ్వమా అక్కా" అంటూ వస్తారు. ఆ వచ్చినవాళ్ళలో సగానికి పైగా మంది రక్తం ఇవ్వకుండానే వెనక్కి పోతారు. భయపడి కాదు. పనికిరారని తిప్పి పంపితే.

వేలు గుచ్చి ఒక చుక్క తీసుకుంటారు. చాలా శిబిరాల్లో ఆ చుక్కను నీలం రంగు నీళ్ళలో వేస్తారు. ఆ నీళ్ళు ఏమిటో మన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తెగుళ్ళకు సున్నంతో కలిపి పైరు మీద చల్లే మైలుతుత్తమే, తగిన పాళ్ళలో కలిపింది. చుక్క పదిహేను సెకన్ల లోపల అడుగుకు దిగితే హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉన్నట్టు. తేలినా, మధ్యలో ఆగినా లేనట్టు. "పన్నెండున్నర లేదు, వెళ్ళమ్మా" అంటారు. అంతే. ఎంత ఉందో చెప్పరు. ఎందుకు లేదో చెప్పరు. ఏం చేయాలో అసలే చెప్పరు. ఒక చీటీ అయినా రాసివ్వరు. వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వుతుంటే ఆమె తలొంచుకుని చెప్పులు వేసుకుంటుంది. మళ్ళీ ఇంకో శిబిరానికి రమ్మంటే రాదు. అప్పుడు ఆమెకు అవగాహన లేదంటారు!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో దాదాపు 59 శాతానికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం. ఇందులో ఇంకో సంగతి ఉంది. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తక్కువ ఉంటేనే రక్తహీనత కింద లెక్క వేస్తారు. రక్తం ఇవ్వాలంటే 12.5 ఉండాలి. అంటే సర్వే దృష్టిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కొంతమంది శిబిరం దగ్గర ఆగిపోతారు. దీనికి తోడు బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. ఆ బరువు తూగని కూలి స్త్రీలు మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారో ఏ మిర్చి కళ్ళం దగ్గర నిలబడి చూసినా తెలుస్తుంది.

ఈ 12.5 నిబంధనను తగ్గించమని నేను అడగడం లేదు. అది ఇచ్చేవాళ్ళను కాపాడే నిబంధన. ఒకసారి 350 మిల్లీలీటర్లు ఇస్తే ఒంట్లో ఇనుము గణనీయంగా పోతుంది. నెలనెలా నష్టపోయే స్త్రీకి అది పూడడానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టే మగవాళ్ళు 90 రోజులకు ఇవ్వొచ్చంటే, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలన్నారు. అది సబబే. నా ప్రశ్న వేరే ఉంది. ఆమెకు 12.5 ఎందుకు లేదు?

తెల్లవారుజామున లేచి వంట చేసి, ట్రాక్టరో ఆటోనో ఎక్కి చేనుకు పోయి, సాయంత్రం దాకా వంగి కాయలు కోసి, వచ్చి మళ్ళీ వంట చేసి, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? కూర ఉంటే పిల్లలకు, మాంసం ఉంటే మగవాళ్ళకు, చారు నీళ్ళు ఆమెకు. అధిక రక్తస్రావం అవుతుంటే "ఆడదానికి అది మామూలే" అంటారు. భరించలేక ఆసుపత్రికి పోతే గర్భసంచి తీసేస్తారు. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలోకెల్లా మన రాష్ట్రానిదే మొదటి స్థానం, దాదాపు 9 శాతం. పోతున్న రక్తాన్ని ఆపడానికి మందులివ్వడం తెలియని వైద్యం, పోయిన రక్తాన్ని పూడ్చడానికి ఇనుము మాత్రల పొట్లం చేతిలో పెట్టి చేతులు దులుపుకునే వైద్యం, రక్తదానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకు త్యాగం గురించి పాఠం చెప్తుంది.

నిబంధనల్లో కొన్నింటిని ప్రశ్నించవలసిందే. జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణులు ఇవ్వకూడదు, కాన్పయిన తర్వాత 12 నెలలు ఇవ్వకూడదు, పాలిచ్చినంత కాలం ఇవ్వకూడదు, గర్భస్రావమైతే 6 నెలలు ఆగాలి. ఇవన్నీ తల్లి ఒంటిని కాపాడేవి, ఒప్పుకుందాం. కానీ బహిష్టు రోజుల్లో కూడా ఇవ్వకూడదన్నారు. హిమోగ్లోబిన్ సరిపోయి, ఆమె ఆరోగ్యంగా ఉంటే ఈ అభ్యంతరం దేనికి? అమెరికాలో, బ్రిటన్‌లో బహిష్టు అన్న ఒక్క కారణంతో ఎవరినీ తిప్పి పంపరు. మన శిబిరాల్లో అయితే నలుగురు మగవాళ్ళ మధ్య, మగ ఉద్యోగి గట్టిగా "డేట్ ఎప్పుడమ్మా" అని అడుగుతాడు. ఇంట్లో అంటు పేరుతో దూరం పెట్టేవాళ్ళు కొంత తగ్గారనుకుంటే బల్ల మీద ఫారం పెట్టుకుని ఈయన కూర్చున్నాడు. ఆ ప్రశ్నలు అడగడానికి ఒక తెర, ఒక ఆడ ఉద్యోగి ఉంటే చాలు. శామియానాకు డబ్బులుంటాయి గానీ తెరకు ఉండవు.

అదే మార్గదర్శకాలు హిజ్రాలను, సెక్స్ వర్కర్లను ఒక్కొక్కరి ఆరోగ్యం చూసి కాక, మొత్తం వర్గంగానే పక్కన పెట్టాయి. మణిపూర్‌కు చెందిన ట్రాన్స్ కార్యకర్త శాంతా ఖురాయ్ 2021లో దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఈ సంగతి మన సంఘాల్లో విడిగా చర్చించవలసినంత పెద్దది.

భయాల సంగతి కూడా చెప్పాలి. ఎయిడ్స్ ఎక్కువగా సోకిన జిల్లాలుగా గుంటూరు, ప్రకాశం పేర్లు ఏళ్ళ తరబడి మోగాయి. రక్తం ఇస్తే జబ్బు అంటుకుంటుందన్న భయం ఆ రోజుల నుంచే పాతుకుపోయింది. ఇచ్చేవాళ్ళకు ఏమీ అంటదు. కొత్త సూది, కొత్త సంచీ, ఒక్కరికే వాడి పారేస్తారు. కానీ ఆడవాళ్ళు నా చెవిలో చెప్పే భయం అది కాదు. ఇచ్చిన ప్రతి రక్తాన్నీ హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్ష చేస్తారు. "ఏమన్నా ఉందని తేలితే ముందు ఎవరికి చెప్తారక్కా? మా ఆయనకా, నాకా?" అని అడుగుతారు. మొగుడు తెచ్చిపెట్టిన జబ్బుకు పెళ్ళాన్ని ఇంట్లోంచి గెంటిన కథలు తెలియని వీధి మనకుందా? హెచ్.ఐ.వి. సంగతి ఆమె అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. ఆ మాట ఏ శిబిరంలో ఏ బోర్డు మీదా నాకు కనిపించలేదు. ఎప్పుడూ కనిపించేది దాత పేరూ, దాన్ని మించి పెద్ద అక్షరాల్లో శిబిరం పెట్టినాయన పేరూ!

ఇక రక్తం పుచ్చుకునే వైపు చూద్దాం. కాన్పులో తల్లులు చనిపోవడానికి మన దేశంలో మొదటి కారణం రక్తస్రావమే. రక్తం ఎవరికంటే ఎక్కువగా స్త్రీకే ప్రాణావసరం. ఆ సమయంలో జరిగేదేమిటి? గిద్దలూరు వైపు నుంచో, కనిగిరి వైపు నుంచో కాన్పు కష్టమై ఒక మనిషిని రాత్రివేళ ఒంగోలు తెస్తారు. రెండు ప్యాకెట్లు ఎక్కించాలంటారు. "బదులు ఇవ్వడానికి మనుషుల్ని తీసుకురండి" అంటారు. భర్త రక్తం ఆమెకే ఎక్కించడానికి కాదు, నిల్వలో జమ చేయడానికే. అయినా అత్తగారు "మావాడు లారీ తోలేవాడు, నీరసపడితే ఎట్టా" అంటుంది. బావగారు పని ఉందని బయటికి పోతాడు. పుట్టింటికి ఫోను వెళ్తుంది. తమ్ముడు రాత్రంతా బస్సులో వచ్చి చెయ్యి చాపుతాడు. ఇలాంటివి నేను ఒకటి రెండు కాదు చూసింది. కట్నం పుట్టింటివాళ్ళే ఇవ్వాలి, పురుడు పుట్టింటివాళ్ళే పొయ్యాలి, చివరికి రక్తం కూడా పుట్టింటివాళ్ళే తేవాలి. పుట్టిల్లు లేని మనిషి గతేమిటి?

గతేమిటంటే బ్రోకరు. టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటాడు. ఒకప్పుడు రిక్షా తొక్కేవాళ్ళూ, తిండి లేనివాళ్ళూ రక్తం అమ్ముకుని బతికేవాళ్ళు. కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు ఇచ్చి, 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడాన్ని లేకుండా చేసింది. 2002 జాతీయ రక్త విధానం ఈ 'బదులు' పద్ధతిని కూడా క్రమంగా తొలగించాలని చెప్పింది. రెండు దశాబ్దాలు దాటినా బదులు మనుషుల కోసం పరుగులు ఆగలేదు. అమ్మకం నిషిద్ధమై, బదులు తప్పనిసరి అయిన చోట బంధువు వేషంలో అమ్మేవాడే వస్తాడు. ఫారంలో 'తమ్ముడు' అని రాస్తారు. అంతా తెలిసే సంతకం పెడతారు.

రక్తానికి ధర లేదు. పరీక్షలకూ నిల్వకూ అయ్యే ఖర్చు మాత్రమే తీసుకోవాలి. 2022లో సవరించిన లెక్క ప్రకారం ఒక యూనిట్ ఎర్రకణాలకు ప్రభుత్వ రక్తనిధిలో 1,100 రూపాయలు, ప్రైవేటులో 1,550 మించకూడదు. ఇంతకు మించి ఏ పేరుతోనూ వసూలు చేయవద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి రాష్ట్రాలకు రాశారు. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫిలియా ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలి. ఈ అంకెలను ఈ పత్రిక చదివేవాళ్ళు కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. రాత్రి రెండు గంటలకు రసీదు లేకుండా డబ్బు అడిగినప్పుడు పనికొస్తాయి.

శిబిరాలు పెట్టే పెద్దలకు ఇంకో మాట. ఎర్రకణాలు మంచి పద్ధతిలో నిల్వ చేసినా 42 రోజులు. ప్లేట్‌లెట్లు 5 రోజులు. హీరో పుట్టినరోజున గుట్టలుగా పోగుచేసి, మళ్ళీ పుట్టినరోజు దాకా నోరు మూసుకుంటే ఎండాకాలంలో కాలేజీలు మూసినప్పుడు రక్తం ఎక్కడిది? ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా ఇచ్చే మనుషులు కావాలి. వాళ్ళు మన వీధుల్లో ఉన్నారు. కానీ మీ శిబిరం పదింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఆ వేళ కూలి స్త్రీ చేనులో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో తన ఉద్యోగులకు రక్తం ఇచ్చిన రోజున ప్రత్యేక సెలవు ఇస్తామంది, ఏడాదికి నాలుగుసార్లు. మంచిదే. రోజు కూలి పోతే పొయ్యి వెలగని మనిషికి సెలవు ఎవరిస్తారు? ఆమె ఇచ్చిన రక్తం మాత్రం ఉద్యోగికీ పనికొస్తుందే!

ఈ మధ్య మా సంఘాన్ని ఒక శిబిరానికి "ఆడవాళ్ళను తీసుకురండి, ఫొటోకు బాగుంటుంది" అని పిలిచారు. మేము పోలేదు. ఒక కాగితం రాసి పంపాం. శిబిరం సాయంత్రం ఆరు తర్వాత గానీ, పనులు లేని రోజున గానీ కాలనీలోనే పెట్టాలి. చుక్క తేలిన ప్రతి స్త్రీకీ అక్కడికక్కడే హిమోగ్లోబిన్ ఎంత ఉందో కొలిచి చీటీ మీద రాసివ్వాలి. ఆ చీటీతో ప్రభుత్వాసుపత్రికి పోతే కారణం కనుక్కుని మందులిచ్చేట్టు ముందే మాట్లాడి పెట్టాలి. మూడు నెలల తర్వాత వాళ్ళనే మళ్ళీ పిలిచి పరీక్ష చేయాలి. ప్రశ్నలు అడగడానికి తెర, ఆడ ఉద్యోగి ఉండాలి. పరీక్షల ఫలితం ఆమె చేతికే ఇవ్వాలి. కాన్పుకు వచ్చినవాళ్ళను బదులు మనుషుల కోసం తిప్పబోమని రక్తనిధి వాళ్ళు రాతపూర్వకంగా చెప్పాలి.

ఇంతవరకు జవాబు రాలేదు. అదే కాగితాన్ని జిల్లా వైద్య అధికారులకూ పంపుతున్నాం. ఈ అక్టోబరు 1న మీ ఊళ్ళో మైకు మోగినప్పుడు మీరూ ఒక నకలు పట్టుకుని వెళ్ళండి. వేదిక మీదున్నవాళ్ళ చేతికివ్వండి. కింద సంతకం పెట్టమని అడగండి.