ప్రయాణికుని సంచిలో అంతర్జాలం

ప్రయాణికుని సంచిని చూస్తే అతని కాలమెట్టిదో తెలుస్తుంది. ఎడ్లబండి ప్రయాణాలనాడు సద్దిమూట, మరచెంబు, చేతికర్ర తప్పనిసరి. రైలు వచ్చిన తరువాత చేతికర్ర పోయి హోల్డాలు, టైంటేబిలు వచ్చాయి. 1907లో నిర్మితమైన నాంపల్లి స్టేషనులో నాటినుండి నేటివరకు దిగినవారి సామానుల జాబితా వ్రాస్తే అదే ఒక చిన్న సాంఘిక చరిత్ర కాగలదు. ఆ జాబితాలో ఇటీవల చేరినది సబ్బుబిళ్లంత పెట్టె ఒకటి. దానిని కొందరు హాట్‌స్పాట్ అంటారు, కొందరు డాంగిల్ అంటారు, ఒక కంపెనీ పేరుమీద జియోఫై అని పిలిచేవారూ ఉన్నారు. పేరు ఏదైనా పని ఒక్కటే. ఎక్కడికి వెళ్లినా అంతర్జాలాన్ని వెంట తీసుకొనిపోవడం.

ఈ పెట్టె పనిచేసే తీరు కష్టమైనది కాదు. దానిలో సెల్‌ఫోనులో వలెనే ఒక సిమ్‌కార్డు ఉంటుంది. సమీపంలోని టవరునుండి సంకేతాన్ని అందుకొని, వైఫైగా మార్చి, చుట్టూ ఉన్న ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు పంచిపెడుతుంది. ఊరి చెరువునుండి వచ్చే కాలువను పొలం గట్టున చిన్న బోదెలుగా చీల్చి నీరు మళ్లించడం ఎట్టిదో ఇదీ అట్టిదే. సెల్‌ఫోను కూడా ఈ పని చేయగలదు. కాని గంటసేపు పదిమందికి నీరు తోడిన ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ అడుగంటుతుంది, నడుమ ఎవరైనా పిలిస్తే పని చెడుతుంది. ఆ బరువు మోయడానికే పుట్టినది ఈ వేరే పెట్టె.

ఇట్టి సాధనం అవసరమెవరికి అన్న ప్రశ్నకు జవాబు నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాలలోనే దొరుకుతుంది. జిల్లాలనుండి పరీక్షలకు, కౌన్సెలింగులకు, సర్టిఫికెట్ల పనులకు వచ్చే విద్యార్థులు, వారి వెంట వచ్చే తల్లిదండ్రులు, సెలవు పెట్టి కార్యాలయాల చుట్టూ తిరిగే ఉపాధ్యాయులు రైలు దిగి ఈ వీధులలోకే నడుస్తారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం నాంపల్లిలోనే ఉన్నది. ఒకప్పుడు అర్జీ అంటే కాగితం, దాని మీద ముద్ర. ఇప్పుడు అర్జీ తెరమీద నింపవలె, రుసుము తెరమీద చెల్లించవలె, హాల్‌టికెట్టు తెరమీదనుండి దించుకోవలె. గడువు తేదీ అర్ధరాత్రి పన్నెండు గంటలకు తలుపు దానంతట అదే మూసుకొంటుంది. ఆ తలుపు దగ్గర బతిమాలుకోవడానికి గుమాస్తా కూడా ఉండడు. సంకేతం అందని పది నిముషాలు ఒక విద్యార్థికి ఒక సంవత్సరం ఖరీదు కావచ్చును. కనుక ఈ పెట్టెను విలాసవస్తువుగా కొట్టివేయడం న్యాయం కాదు.

అయితే ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. పూర్వం పరాయి ఊరు వచ్చినవాడు ఇంటికి కబురు పంపవలెనంటే వాని సంచిలో ఏ యంత్రమూ అవసరం లేదు. ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం వల్ల పేరు పొందిన ఆ కూడలిలోనే జనరల్ పోస్టాఫీసు ఉన్నది. అక్కడ కార్డు ముక్క కొని నాలుగు పంక్తులు వ్రాస్తే కబురు నడిచేది. తొందరైతే తంతి. ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. తంతి ఇంకా నడుస్తున్న రోజులలోనే పసుపుపచ్చ పలకల ఎస్టీడీ బూత్‌లు వీధి వీధికీ వెలిశాయి. మాట్లాడినంతసేపటికే డబ్బు. టెలిఫోను కొనుక్కోనివాడు కూడా టెలిఫోను వాడుకొన్నాడు. ఆ ఏర్పాట్లన్నిటిలోనూ ఒక సామాన్య గుణం ఉన్నది. సాధనం బజారులో ఉండేది, మనిషి వట్టి చేతులతో వచ్చేవాడు. ఇప్పుడు సాధనం మనిషి సంచిలోకి మారింది. కొనగలిగినవానికి ఇది సౌకర్యం. కొనలేనివానికి బజారులో మునుపున్న ఆసరా కూడా పోయింది.

ప్రజలకు ఉమ్మడి ఏర్పాటు చేసే ప్రయత్నం జరగలేదని చెప్పరాదు. రైల్వేకు చెందిన రైల్‌టెల్, గూగుల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్ స్టేషనుతో ఉచిత వైఫై ప్రారంభించాయి. 2020లో గూగుల్ తప్పుకొన్నా రైల్‌టెల్ ఆ సేవను వేలాది స్టేషన్లలో నడిపింది. 2021లో రోజుకు అరగంట ఉచితం, ఆపైన రుసుము అనే పద్ధతి వచ్చింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. టీ దుకాణం, కిరాణా కొట్టు వంటివి ప్రత్యేక లైసెన్సు లేకుండానే చిల్లరగా వైఫై అమ్ముకోవచ్చునన్నది దాని సారాంశం. పాత ఎస్టీడీ బూత్ ఆలోచనే కొత్త దుస్తులు ధరించి వచ్చినదన్న మాట. ఆలోచన మంచిది. కాని స్టేషను వైఫై ప్లాట్‌ఫారం దాటి రాదు. అందులో ప్రవేశించడానికే ఫోనుకు ఓటీపీ రావలె, అనగా ఫోను సంకేతం ముందే ఉండవలె. పరీక్ష కేంద్రం వెతుక్కొంటూ వీధిలో నిలిచిన విద్యార్థికి అది ఆదుకోదు.

ఇక ప్రయాణం మాట అటుంచి, ఇంటిలో, బడిలో ఉండే అంతర్జాలం సంగతి చూడవచ్చును. హైదరాబాదు వీధులలో విద్యుత్ స్తంభాలకు వ్రేలాడే నల్లని తీగల గుత్తులు ఎవరూ చూడనివి కావు. 2025 ఆగస్టులో రామంతాపూరులో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి 5 గురు మరణించారు. ఆ దుర్ఘటన తరువాత విద్యుత్ సంస్థ స్తంభాలమీది కేబుళ్లను విస్తారంగా తొలగించింది. నగరంలో అనేక ప్రాంతాలలో బ్రాడ్‌బ్యాండ్ నిలిచిపోయింది. వివాదం హైకోర్టుదాకా వెళ్లింది. ప్రాణాలకన్న అంతర్జాలం మిన్న అని ఎవరూ అనలేరు, తీగలను క్రమబద్ధం చేయవలసినదే. కాని ఒక్క తీగను నమ్ముకొన్న ఇల్లు, ఒక్క తీగను నమ్ముకొన్న కార్యాలయం ఎంత సులభంగా చీకటిలో పడగలవో ఆ ఆగస్టు నేర్పింది. అంతర్జాలానికి ప్రత్యామ్నాయం ఉంచుకోవడం అతి జాగ్రత్త కాదు, ఇల్లు అంటుకొన్నాక బావి త్రవ్వకుండా ఉండడమే.

అయితే ప్రత్యామ్నాయం అన్న మాటకు అర్థం చాలామంది సగమే గ్రహిస్తున్నారు. ఇంటి బ్రాడ్‌బ్యాండు, చేతి ఫోను, సంచిలోని హాట్‌స్పాటు మూడూ ఒకే కంపెనీవైతే అవి మూడు కావు, ఒక్కటే. ఆ కంపెనీ వ్యవస్థలో లోపం వచ్చిననాడు మూడూ కలిసి మూగపోవచ్చును. ఫోను ఒక కంపెనీదైతే పెట్టెలో సిమ్ మరొక కంపెనీది ఉండవలె. కరెంటు సంగతి రెండవది. ఇంటి రౌటరు కరెంటు పోగానే నిద్రపోతుంది. హాట్‌స్పాటు పెట్టె తన బ్యాటరీతో కొన్ని గంటలు మేలుకొని ఉంటుంది. అందుకే అది కరెంటు కోతలోనూ పనికివస్తుంది. కాని నెలలతరబడి అలమారలో పడవేసిన బ్యాటరీ అవసరమైననాడు నిండుగా ఉంటుందని ఆశించడం అత్యాశ. రీచార్జి గడువు తీరిన సిమ్ ఉన్న పెట్టె కూడా వట్టి ప్లాస్టిక్ డబ్బాయే.

దాని హద్దులు కూడా తెలిసి ఉండవలె. టవరులో లేని సంకేతాన్ని ఏ పెట్టె సృష్టించలేదు. 1938లో ప్రారంభమైన నుమాయిష్‌కు ఏటా జనవరి, ఫిబ్రవరి నెలలలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జనం క్రిక్కిరిసిన సాయంకాలం, ఫోను తెరపై సంకేతపు గీతలన్నీ నిండుగా కనిపించినా ఒక చిన్న చిత్రం కూడా కదలకపోవచ్చును. టవరు సామర్థ్యం ఉన్నంతే, పంచుకొనేవారు వేలమంది. నడిచే రైలులోనూ అంతే. టవరునుండి టవరుకు మారుతూ, నిర్జన ప్రదేశాలు వచ్చినప్పుడు సంకేతం తెగుతుంది. ఖర్చు లెక్క మరొకటి. దరఖాస్తు నింపడానికి కొద్ది ఎంబీలు చాలు. గంటసేపు వీడియో పాఠానికి నాణ్యతనుబట్టి అర జీబీనుండి ఒకటిన్నర జీబీ వరకు కావచ్చును. పదిమందికి పంచిన నీరు పదింతల వేగంగా తరుగుతుంది. రోజు పరిమితి దాటితే వేగం నత్తనడకకు దిగుతుంది. కనుక పెట్టె ఉన్నదన్న ధీమాతో హాల్‌టికెట్టును ముందురోజే అచ్చువేయించుకొనడం మానరాదు. కేంద్రం చిరునామా, దారి కాగితంమీద వ్రాసుకొన్నవానికి ఏ టవరుతోనూ పని లేదు.

ఉపాధ్యాయుల విషయంలో మరొక కోణం ఉన్నది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖం గుర్తించే యాప్ ద్వారా ఉపాధ్యాయుల హాజరు ప్రవేశపెట్టినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు ఒక సూటి ప్రశ్న వేశాయి: సర్కారు పనికి సొంత ఫోను, సొంత డేటా ఎందుకు వాడవలె? ఆ ప్రశ్న హాజరుతో ముగిసేది కాదు. మధ్యాహ్న భోజనపు లెక్కలు, విద్యార్థుల వివరాలు, శిక్షణ తరగతులు అన్నీ నేడు అంతర్జాలంమీదనే నడుస్తున్నాయి. సుద్దముక్కను బడి కొంటుంది, నల్లబల్లను బడి కొంటుంది. అంతర్జాలాన్ని మాత్రం ఉపాధ్యాయుడు తన జీతంలోనుండి తెచ్చుకోవడం ఏ న్యాయం? సంచిలోని పెట్టె ఉన్నదిగదా అని ఉమ్మడి బాధ్యత మెల్లగా వ్యక్తుల భుజాలకు జారిపోవడమే ఈ సౌకర్యంలోని అసలు ప్రమాదం.

దీనికి పరిష్కారం పెట్టెను మానడం కాదు, దానిని ఉమ్మడి సొత్తు చేయడం. తెలుగునాట ఇందుకు పూర్వోదాహరణ లేకపోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారు పుస్తకం ఒకని ఇంటి అలమారలో ఉండరాదని, పదిమంది చేతులలో తిరగవలెనని భావించారు. 1935లో పాతూరి నాగభూషణం మరొక అడుగు ముందుకు వేసి, కృష్ణా కాలువలమీద పడవలో పుస్తకాలు వేసి పల్లెపల్లెకు పంపారు. గ్రంథాలయానికి మనిషి రాలేకపోతే గ్రంథాలయమే మనిషి దగ్గరకు వెళ్లింది. పడవమీద పుస్తకం నడవగలిగినప్పుడు విద్యార్థి సంచిలో అంతర్జాలం నడవడంలో వింత లేదు.

ఇతర దేశాలలో ఈ పని జరిగింది కూడా. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2014లో ప్రయోగంగా మొదలుపెట్టి, ఇంటిలో అంతర్జాలం లేని కుటుంబాలకు హాట్‌స్పాట్ పెట్టెలను పుస్తకాలవలె ఎరువిచ్చింది. అమెరికా సమాచార కమిషన్ 2024లో బడులు, గ్రంథాలయాలు ఇట్టి పెట్టెలను ఎరువివ్వడానికి ప్రభుత్వ నిధిని వాడవచ్చునని అనుమతించి, 2025లో ఆ అనుమతిని ఉపసంహరించింది. ఉమ్మడి సౌకర్యాలను నిలబెట్టడం అక్కడకూడ సులభం కాలేదు. అందువల్ల ఆ ఆలోచన తప్పు కాదు. నిలిచి అడిగేవారు ఉండవలెనని మాత్రమే అర్థం.

ఉన్నత పాఠశాలకు ఒకటి రెండు పెట్టెలు చాలు. ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక అలమార, ఒక రిజిస్టరు, ఎరువు తీసుకొన్నవారి సంతకం, తిరిగి ఇచ్చే తేదీ. దూరప్రాంతం పరీక్షకు వెళ్లే విద్యార్థుల బృందానికి, శిక్షణకు వెళ్లే ఉపాధ్యాయునికి, తీగ తెగిననాడు బడి కార్యాలయానికి అది పనికి వస్తుంది. నెలకొకసారి బ్యాటరీ నింపే బాధ్యత, రీచార్జి తేదీ గుర్తుంచుకొనే బాధ్యత పెద్ద తరగతి విద్యార్థి ఒకనికి అప్పగించవచ్చును. కంపెనీ ఇచ్చిన పాత పాస్‌వర్డు మార్చి కొత్తది పెట్టడం మొదటిరోజు పాఠం కావలె. తాళం వేయని ఇల్లు ఎట్టిదో పాస్‌వర్డు మార్చని పెట్టె అట్టిది. దీని వెల ఒక మంచి నిఘంటువు సంపుటాల వెలకు మించనిదే. ఏటా రీచార్జికి అయ్యే ఖర్చును బడి నిర్వహణ నిధిలో ఒక పద్దుగా చూపడం అధికారులకు అసాధ్యమేమీ కాదు.

విద్యార్థులలో కొందరికి ఈ చిన్న వస్తువు గురించి ఇంత చర్చ ఎందుకనిపించవచ్చును. వస్తువు చిన్నదే. కాని ఒక తరగతిలో నలభైమంది ఉంటే, ఫలితాలు వెలువడే ఉదయం కొందరి ముఖాలు తెరముందు వెలుగుతూ, కొందరు ఇతరుల భుజాల మీదుగా తొంగిచూస్తూ ఉండడం చిన్న విషయం కాదు. ఆబిడ్స్ పోస్టాఫీసు కిటికీముందు ధనికుడూ పేదవాడూ ఒకే వరుసలో నిలబడ్డారు. కిటికీ పోయి పెట్టె వచ్చిన ఈ రోజులలో ఆ వరుసను తిరిగి నిలబెట్టడం బడికి చేతనైన పని. సద్దిమూట విప్పినవాడు ప్రక్కవానికి ఒక ముద్ద పెట్టి తినడం తెలుగువారి ప్రయాణమర్యాద. ఈ కొత్త మూటకు మాత్రం ఆ మర్యాద ఎందుకు వర్తించరాదు?