తనను అందంగా గీసుకోని మనిషి

1972లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెలువడిన ‘విమెన్స్ కామిక్స్’ తొలి సంచికలో గోల్డీ అనే అమ్మాయి కథ ఒకటుంది. పెద్ద ముక్కు, తన ఒంటి మీద తనకే రోత, మగవాళ్ల కోసం ఆరాటం, ఆ ఆరాటం మీద మళ్లీ ఏవగింపు. గీసినామె పుట్టింటిపేరు గోల్డ్‌స్మిత్ కాబట్టి ఆ గోల్డీ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఒక స్త్రీ తన బతుకును తానే కామిక్స్‌గా గీసుకున్న తొలి కథల్లో ఇదొకటని ఇప్పుడంటున్నారు. అప్పట్లో చాలామంది అన్నది ఒకటే: ఈవిడకు బొమ్మ వేయడం రాదు.

ఆ గీసినామె, అలీన్ కొమిన్‌స్కీ-క్రంబ్, 2022 నవంబరులో 74 ఏళ్ల వయసులో పోయారు. ఆ మాట మాత్రం దశాబ్దాల పాటు ఆమె వెంటే నడిచింది. నిజానికి ఆమె న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లోనూ, తరవాత అరిజోనా విశ్వవిద్యాలయంలోనూ చిత్రకళ చదువుకున్నారు. అయినా ఆమె కథల్లో ఒక గడిలో ఉన్న ముఖం పక్క గడిలో ఉండదు. గీత ఎక్కడా నున్నగా సాగదు. తనను చూసుకుని తానే చిరాకుపడే మనిషికి అద్దంలో రోజుకో ముఖం కనబడటంలో వింతేముంది? తోటి కార్టూనిస్టు జస్టిన్ గ్రీన్ తన పాపభీతిని ‘బింకీ బ్రౌన్’గా గీయడం చూసి, లోపలి చెత్తను ఇలా బయట పెట్టవచ్చునని ఆమెకు ధైర్యం వచ్చింది.

ఆమె పనిచేసిన అండర్‌గ్రౌండ్ కామిక్స్, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సెన్సారు అయిన 1954 నాటి కామిక్స్ కోడ్ ముద్ర లేకుండా అచ్చయి, గంజాయి గొట్టాలు అమ్మే దుకాణాల్లో అమ్ముడుపోయేవి. అడ్డూ అదుపూ లేవనుకున్న ఆ లోకంలోనూ ఆమెకు ఇరుకు తప్పలేదు. సాటి స్త్రీవాదులతో పొసగలేదు. ఆడదాన్ని ధీరగా చూపాలన్న పట్టు ఆమెకు నచ్చలేదు. పేరుమోసిన అండర్‌గ్రౌండ్ కార్టూనిస్టు, తరవాత ఆమె భర్త అయిన రాబర్ట్ క్రంబ్‌తో ఆమె సహవాసం వాళ్లకు నచ్చలేదు. 1976లో డయాన్ నూమిన్‌తో కలిసి ‘ట్విస్టెడ్ సిస్టర్స్’ తెచ్చినప్పుడు, ముఖచిత్రం మీద మరుగుదొడ్డిలో కూర్చున్న తన బొమ్మే వేసుకున్నారు.

అసలు గొడవ ‘డర్టీ లాండ్రీ’తో వచ్చింది. అది ఆమె, క్రంబ్ కలిసి గీసిన కామిక్స్; ఎవరి బొమ్మ వాళ్లే గీసుకునేవారు. క్రంబ్ పనితనం పక్కన ఆమె గీత చూసి, ఆయన పేజీ పాడుచేస్తోందని పాఠకులు ఉత్తరాలు రాశారు. క్రంబ్ తనను ఎంత హీనంగా గీసుకున్నా ఆ హీనత్వంలోనూ చేయి తిరిగిన సొగసు ఉంటుంది. ఆమె ఆ సొగసునూ వదిలేసుకున్నారు. అక్కడే ఆమె ఆయన కంటే నిజాయితీపరురాలని మా అభిప్రాయం. గడి నిండా మాటలు కిక్కిరిసి చదవడానికి ఓపిక కావాలన్నదీ నిజమే అనుకోండి.

1986 నుంచి ‘వియర్డో’ పత్రికను ఆమే నడిపారు. క్రంబ్, పీటర్ బాగ్ తరవాత మూడో సంపాదకురాలు. ఫీబీ గ్లెక్‌నర్, కెరల్ టైలర్, డోరి సెడా వంటివారికి అక్కడ చోటు దొరికింది. సొంత గొంతున్న మరో నలుగురికి పేజీలివ్వడం కూడా ఆమె చేసిన సాహిత్యపు పనే. దాన్ని లెక్కలోకి తీసుకునేవారు తక్కువ. 1990ల మొదట్లో కుటుంబం దక్షిణ ఫ్రాన్స్‌లోని సోవ్ అనే ఊరికి తరలిపోయింది. అక్కడి ఇంటికి వెలగా ఇచ్చినవి క్రంబ్ స్కెచ్‌పుస్తకాలు.

పండితులు ఆలస్యంగానైనా వచ్చారు. హిలరీ షూట్ 2010లో రాసిన పుస్తకంలో మర్జానె సత్రపి, అలిసన్ బెక్‌డెల్‌లతో పాటు ఆమెకూ ఒక అధ్యాయం ఉంది. ఆమె కథల సంపుటి ‘లవ్ దట్ బంచ్’ 1990లో వచ్చింది; బాల్యాన్ని మళ్లీ తడిమిన ఓ పొడవాటి కొత్త కథను కలిపి 2018లో మళ్లీ వేశారు. కొత్తగా చదవదలచినవారు దానితో మొదలుపెట్టడం మేలు. భర్తతో కలిసి గీసినవి తరవాత చూడవచ్చు.