18కీ 30కీ నడుమ ఆగిన సూది

కోచింగ్ అంటే మన పోరగాండ్లకు గ్రూప్స్ కోచింగ్, కానిస్టేబుల్ కోచింగ్ యాదికొస్తది. ఆర్మూర్‌ల, నిజామాబాద్‌ల ఏ గల్లీకి పోయినా ఆ బోర్డులే. కని టైప్ 1 షుగర్ ఉన్న ఇరవై ఏండ్ల పిలగానికి ఎంత తింటె ఎంత మందు పట్టాలె, జరమొస్తె ఏం చేయాలె, పనిల చక్కెర పడిపోతె ఎట్ల నిలదొక్కుకోవాలె అని కూసోబెట్టి నేర్పే జాగ మా పెర్కిట్ చుట్టుపక్కల నేనైతే చూడలే.

ముందుగాల ఒక ముచ్చట తేల్చుకుందాం. ఇది మన పెద్దోళ్లకొచ్చే షుగర్ కాదు. స్వీట్లు తిన్నందుకు రాలే, అమ్మనాయినల పాపం అంతకన్నా కాదు. ఒంట్లె ఉన్న రక్షణ వ్యవస్థే దారితప్పి, క్లోమంల ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతది. గోళీలతోని నడవది. బయటనుంచి ఇన్సులిన్ పోవాలె, బతికినన్నొద్దులు పోవాలె. 1922 జనవరిల టొరంటోల లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల పిలగానికి మొదటిసారి ఇన్సులిన్ సూది ఇచ్చిండ్రు. అంతకుముందు ఈ రోగమొచ్చిన పిల్లలు ఎండుకపోయి సచ్చిపోవుడే. కనిపెట్టినోళ్లు పేటెంట్ హక్కును ఒక్కొక్కరు ఒక్క డాలరుకు యూనివర్సిటీకి ఇచ్చేసిండ్రు. నూరేండ్లు దాటింది, మందు ఉన్నది. మరి మన దిక్కు పిల్లలు ఎందుకు ఆగమైతున్నరు?

సర్కారు లెక్క చూడుండ్రి, సంగతి అర్థమైతది. పిల్లల ఆరోగ్యం చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013ల మొదలైంది, అది 18 ఏండ్ల దాకనే. షుగర్, బీపీ కోసం ఇంటింటికి తిరిగి చేసే పరీక్షలు 30 దాటినోళ్లకు. ఇగ 18కీ 30కీ నడుమ పడ్డోని పేరు ఏ రిజిస్టర్ల ఉంటది? సరిగ్గ చదువు, నౌకరి, పెండ్లి, గల్ఫ్ ప్రయాణం అన్నీ మీదపడే వయసుల సర్కారు చెయ్యి ఇడిసిపెడుతది. పిల్లల డాక్టర్ ‘ఇగ నువ్వు పెద్దోనివి’ అంటడు. పెద్దల డాక్టర్ ముందట యాభై ఏండ్లోళ్ల లైన్ ఉంటది, ఈనికి రెండు నిమిషాలు దొరికితె గొప్ప.

పైసల సంగతి. రోజుకు నాలుగుసార్లు రక్తం చూసుకోవాలంటె నాలుగు స్ట్రిప్పులు. ఒక్కోటి పదిహేను రూపాయలు వేసుకున్నా నెలకు 1800. మా దిక్కు శానా ఇండ్లల్ల అమ్మ బీడీలు చేస్తది, ఆమెకొచ్చే పింఛను 2016 రూపాయలు. అంటే తల్లి పింఛను కొడుకు స్ట్రిప్పులకు సరి. ఇన్సులిన్ సీసా దవాఖానల దొరికినా, పరీక్ష చేసుకోకుంట సూది వేసుకునుడు అంటె రాత్రి లైటు లేకుంట ఎన్‌హెచ్ 44 మీద బండి నడిపినట్టే. ఇంకో ముచ్చట: మన రాష్ట్రంల 2022 నుంచి డయాలసిస్ పేషెంట్లకు పింఛను ఇస్తున్నరు. ఇయ్యాల్సిందే, నేను కాదంటలే. కని కిడ్నీలు పోయినంక ఇచ్చే పైసలల్ల కొన్ని, కిడ్నీలు పోకుండ స్ట్రిప్పులకు ఇస్తె ఏం పోతది?

దీన్ని మించిన ప్రమాదం సలహాలు. మాది పసుపు ఊరు. ఎవనికి షుగరన్నా పసుపు తాగుమంటరు, ఆకు నమలమంటరు, ఫోన్‌ల వీడియో పంపుతరు. పసుపు మాకు తిండి పెట్టింది, దానికి దండం. కని పసుపు ఇన్సులిన్ కాదు. టైప్ 1 ఉన్నోడు ఎవని మాటనో విని సూది బందుపెడితె రక్తంల కీటోన్లు పెరిగి, వాంతులై, ఊపిరి బరువై, రోజుల్లనే పానం మీదికొస్తది. ‘నలభై రోజుల్ల సూది మాన్పిస్త’ అనేటోన్ని ఊర్లెకు రానియ్యొద్దు.

ఇగ దాసిపెట్టుడు. ఆడపిల్లకు ఉన్నదని తెలిస్తె సంబంధం రాదని తల్లిదండ్రులు మూసిపెడుతరు, పెండ్లయినంక ఆమె బాత్రూంల నిలబడి సూది వేసుకుంటది. పిలగాడు గల్ఫ్ మెడికల్‌ల అన్‌ఫిట్ అంటరేమోనని భయపడుతడు. చక్కెర పడిపోయి తూలుతుంటె తాగిండనుకుంటరు, చుట్టూ ఉన్నోళ్లకు అసలు ముచ్చట తెల్వదు కదా. వసీం అక్రమ్‌కు ముప్పై ఏండ్ల వయసుల టైప్ 1 బయటపడ్డది, అటెన్క కూడ ఏండ్లకు ఏండ్లు పాకిస్తాన్‌కు బౌలింగ్ చేసిండు. క్రికెట్ చూసే తమ్ముళ్లల్ల ఎంతమందికి ఎరుక?

నేను కోచింగ్ అంటున్నది గిదే. ఇంగ్లండ్‌ల ‘డాఫ్నీ’ అని ఐదొద్దుల క్లాస్ ఉన్నది, జర్మనీల పుట్టిన పద్ధతి. తిండిని చూసి మందు కొలుసుకునుడు అండ్ల నేర్పుతరు. మనకు బ్రెడ్డు లెక్క వద్దు, జొన్నరొట్టె లెక్క, మక్క గట్క లెక్క, దావతుల బగారన్నం లెక్క కావాలె. సీసా మీద 40 అని ఉంటె ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటె నారింజ మూత సిరంజి, అవి కలెగలిస్తె డోసు తారుమారైతదని చెప్పాలె. చక్కెర 70 కిందికి పోతె మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ల చూసుకోవాలె. సోయి తప్పితె నోట్లె ఏం పొయ్యొద్దు, 108కు కొట్టాలె. జరమొచ్చి అన్నం సయించకున్నా ఇన్సులిన్ పూర్తిగ ఆపొద్దు. ఫ్రిజ్ లేని ఇంట్ల ఎండకాలం సీసాను కవర్ల పెట్టి, తడి కుండల దాసుకోవాలె. గివన్నీ డాక్టర్ రెండు నిమిషాల్ల చెప్పేటివి కావు. పదేండ్ల సంది సూది వేసుకుంటున్న అన్ననో అక్కనో చెప్పాలె. డాక్టర్ డోసు చెప్తడు, బతుకుడు వాళ్లే చెప్తరు.

పక్క రాష్ట్రాలు చేస్తలేవా? కేరళల ‘మిఠాయి’ అనే పథకం కింద పిల్లలకు ఇన్సులిన్ పెన్నులు, గ్లూకోజ్ చూసే యంత్రాలు ఇస్తున్నరు. పశ్చిమ బెంగాల్‌ల జిల్లా దవాఖానల్లనే టైప్ 1 క్లినిక్కులు పెట్టిండ్రు. ఐసీఎంఆర్ 2022ల టైప్ 1 మీద మార్గదర్శకాలే అచ్చేసింది. తొవ్వ తెల్వక కాదు, అడిగేటోడు లేక.

అడుగుడు మనకు కొత్త కాదు. 2019ల నిజామాబాద్ ఎంపీ ఎన్నికల్ల 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డరు, పసుపు బోర్డు ముచ్చట దేశం మొత్తం మాట్లాడింది. 2025 జనవరిల బోర్డు వచ్చింది. టైప్ 1 ఉన్నోళ్లు రైతులంత మంది లేరు, ఓట్ల లెక్కల కనబడరు. అందుకనే ఒకల్ని ఒకలు ఎతుక్కోవాలె. ఆర్మూర్ మండలంల పదిమంది దొరికినా సాలు. నెలకొక ఆదివారం కలువుండ్రి, మీ ఏఎన్ఎంను పిలువుండ్రి, కలెక్టరేట్ ప్రజావాణిల కాగితం పెట్టుండ్రి. అండ్ల మూడు ముచ్చట్లు రాయుండ్రి: 18 దాటినా ఇన్సులిన్‌తో పాటు స్ట్రిప్పులు ఇయ్యాలె. జిల్లా దవాఖానల వారానికొక పూట టైప్ 1 కోసమే డాక్టర్ కూసోవాలె. సీబీఎస్ఈ 2017ల తన బోర్డు పరీక్షలకు షుగర్ ఉన్న పిల్లలు చాక్లెట్, పండ్లు లోపలికి తెచ్చుకోవచ్చని రూలు పెట్టింది, అసొంటి రూలు ప్రతి ఉద్యోగ పరీక్ష హాల్‌టికెట్ మీద అచ్చు కావాలె. రసీదు తీసుకునుడు మరువకుండ్రి.