మాకరోనీ ఎవరి చేతి వంట?

అమెరికాలో చాలా నల్లజాతి ఇళ్లల్లో థాంక్స్‌గివింగ్ నాడు ఓవెన్‌లో పెట్టిన మాకరోనీ-చీజ్ లేకపోతే అది పండగే కాదు. ఎవరు పడితే వాళ్లు చెయ్యడానికి వీల్లేదు. మన ఇళ్లల్లో ఆవకాయ కలిపే చెయ్యి ఎవరిదో ముందే తేలిపోయి ఉంటుంది చూడండి, అలాగే.

పని చిన్నదేం కాదు. వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. చీజ్ పొయ్యి మీంచి దించాకే వెయ్యాలి, మంట ఎక్కువైతే విరిగి నూనె తేలుతుంది. తురిమి అమ్మే ప్యాకెట్ మాత్రం వద్దంటాను. అతుక్కోకుండా దానికి పిండి పట్టిస్తారు, సాస్ నున్నగా రాదు. మాకరోనీ పలుకు మీద ఉండగానే వార్చెయ్యాలి.

ఇంతా చేస్తే పేరెవరికి? ఈ వంటను థామస్ జెఫర్సన్ తెచ్చాడని రాస్తుంటారు. ఆయన గరిట పట్టాడా? 1784లో ఆయన వెంట పారిస్ వెళ్లి వంట నేర్చుకున్నది ఆయన బానిసగా ఉంచుకున్న జేమ్స్ హెమింగ్స్. విడుదల కావాలంటే ఆ విద్య ఇంకొకరికి నేర్పి తీరాలన్నారు. తమ్ముడు పీటర్‌కి నేర్పాడు. 1796లో గానీ స్వేచ్ఛ రాలేదు, 1801లో చనిపోయాడు. మరుసటి ఏడాది జెఫర్సన్ విందులో మాకరోనీ తిన్నానని ఒక అతిథి డైరీలో రాసుకున్నాడు. (ఆయనకది నచ్చలేదట!) వండినవాళ్ల పేరు మాత్రం రాయలేదు.

మన ఫుడ్ స్టాల్‌లో ఎవరైనా ఇది పెడితే చీటీ మీద 'అమెరికన్ వంట' అని ఊరుకోకండి, హెమింగ్స్ పేరు రాయండి. పక్కనే వండిన అమ్మాయి పేరు కూడా.