రెండే పెగ్గులు, దగ్గరే కదా!

"ఏం కాదులే, రెండే పెగ్గులు. దగ్గరే కదా!" ఈ మాట వినని వాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? ఉంటే అదృష్టవంతులు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

పోయిన నెల ఉప్పల్‌లో మా ఆడపడుచు వాళ్లింట్లో పుట్టినరోజు. కింద మేము వడ్డనలు చూసుకుంటుంటే డాబా మీద మగవాళ్ల సిట్టింగ్. రాత్రి పదకొండున్నరకి మావారు తాళాలు తిప్పుకుంటూ దిగారు. మేము కూకట్‌పల్లి వెళ్లాలి. వెనక సీట్లో మా అత్తయ్య, మా అమ్మాయి. బండి తీసే ముందు ఆయన చేసిన మొదటి పని, ముందే బయల్దేరిన మా మరిదికి ఫోన్. "తార్నాకలో చెకింగ్ ఉందేంట్రా?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంది. "నేను నడపగలనా?" అని కాదు, "పోలీసులున్నారా?" అని! అంటే తప్పని తెలుసు. తెలియకే నడుపుతున్నారనుకునే అవకాశం కూడా మనకి మిగల్చలేదు.

సికింద్రాబాద్ దాటాక ఆగి ఉన్న లారీ వెనక జానెడు దూరంలో బ్రేకు పడింది. "లైట్లు లేకుండా ఆపాడు వెధవ" అన్నారు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికి వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

అసలు ఎందుకు నడుపుతారు? మందు ముందు పట్టేది కాళ్లని కాదు, వివేకాన్ని. నడక తడబడకముందే మంచిచెడ్డల అంచనా తప్పుతుంది. "నేను బాగానే ఉన్నాను" అని చెప్పేది కూడా ఆ తాగిన మెదడే. దొంగనే సాక్ష్యం అడిగినట్టు! పైగా ఇంతకుముందు వందసార్లు క్షేమంగా వచ్చారు కదా, ఆ వందా వాళ్లకి సర్టిఫికెట్లు. అది తమ గొప్పతనం కాదు, ఎదురుగా వచ్చినవాడి జాగ్రత్త అని తోచదు.

ఇక నిమ్మరసం, మజ్జిగ, స్ట్రాంగ్ కాఫీ, సోంపు. ఇవి వాసనకి పనికొస్తాయేమోగానీ రక్తంలో మందుకి కాదు. కాలేయం తన పని తను నెమ్మదిగా చేసుకుంటుంది, ఒక పెగ్గు కరగడానికి గంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది. మన చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. దాటి పట్టుబడితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణ చెబుతోంది. హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్లని గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని రమ్మంటారు. తాగేది ఆయన, అక్కడ తల దించుకుని కూర్చునేది మనం.

"పాపం ఒత్తిడండీ, అలవాటైపోయింది, ఆగలేరు" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టని మనిషికి, ఒక్క రాత్రి తాళం ముట్టకుండా ఉండటం చేతకాదా? ఆఫీసులో పెద్ద మీటింగ్ ఉన్న పూట తాగి వెళతారా? వెళ్లరు. సీసాకి వేలు పోసినవాళ్లకి క్యాబుకి నాలుగు వందలు దండగ అనిపిస్తుంది. తాళం ఇంకొకరి చేతికి ఇస్తే పరువు పోతుందట. ఆగలేకపోవడం కాదిది, ఆగక్కర్లేదనుకోవడం.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. నాకు డ్రైవింగ్ లైసెన్సు ఉంది. పదేళ్లుగా బీరువాలో ఉంది. "రాత్రిపూట నీకెందుకు" అంటే సరేనని ఊరుకున్నాను. తాగినాయన చేతిలో స్టీరింగ్ భద్రం, తాగని నా చేతిలో ప్రమాదమా? ఆ రాత్రి ఆడపడుచు ముందు, తోటికోడలి ముందు అడగడానికి నోరు రాలేదు. నలుగురిలో ఆయన మాట పడకూడదని నా పిల్లని ఆ కారు ఎక్కించాను.

నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువూ సంధ్యా లేని ఆడవాళ్లు 1990ల మొదట్లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమమే రాష్ట్రమంతా పాకింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు కూడా. నేను అంత దూరం పోవడం లేదు. అడిగేది ఒక్క తాళం.

తాగాక అడిగితే జరిగేది గొడవే. నిర్ణయం మొదటి పెగ్గుకి ముందే, ఇంటి గుమ్మంలోనే అయిపోవాలి. మర్నాడు పొద్దున ఆయన కాఫీ తాగుతుండగా చెప్పాను. సిట్టింగ్ ఉన్న రోజు కారు ఇంట్లోనే ఉంటుంది, లేదా తాళం నా దగ్గర ఉంటుంది. రెండూ కుదరకపోతే నేనూ అమ్మాయీ రాము. అత్తయ్య కూడా "అదే మంచిది రా" అన్నారు. నేను ఆశ్చర్యపోయాను. మామయ్యగారి స్కూటర్ మీద ఆవిడ ఎన్ని రాత్రులు కళ్లు మూసుకుని కూర్చున్నారో!

మావారు ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నారు. ఉండనివ్వండి. నేను మాత్రం రోజూ సాయంత్రం కాలనీలో కారు నడపడం మళ్లీ మొదలుపెట్టాను. మీ బీరువాల్లో ఎన్ని లైసెన్సులు ఉన్నాయో ఒకసారి వెతకండి.